టెలిగ్రామ్‌లో ‘నా డైరీ’ అని రాసే చానల్ నిజంగా ఒక మనిషిదేనా? ఎలా తేల్చుకోవాలి?

మీ ప్రశ్న ఇదీ. చిత్తూరులో ఉంటున్న మీ అమ్మగారు ఆరు నెలలుగా టెలిగ్రామ్‌లో ఒక చానల్ వదలకుండా చదువుతున్నారు. రాసేది తిరుపతి బైరాగిపట్టెడలో ఇద్దరు పిల్లలతో ఒంటరిగా బతుకుతున్న ఆడమనిషి అని అందులో ఉంది. చానల్ 2022 నుంచి నడుస్తున్నట్టు కనిపిస్తోంది. వాకిట్లో ముగ్గు, పిల్లల ఫీజు, తీర్చిన అప్పు, మధ్యమధ్యలో ఒక ‘సార్’ నేర్పిన షేర్ల వ్యాపారం, తిరుమల కొండ మీద పనిచేసే తమ్ముడి చేత ఇప్పిస్తానంటున్న దర్శనం టికెట్లు. 41 వేల మంది సభ్యులు. ఇప్పుడు ‘సార్ గ్రూపు’లో చేరడానికి 9,000 కట్టమంటున్నారు. ఆమె నిజంగా ఉందా అని అడిగారు.

ముందు డబ్బు ఆపండి. మీరు చెప్పిన దాన్నిబట్టి ఇది డైరీ వేషం కట్టిన దుకాణం అనే నేను అనుకుంటున్నాను. ‘ఆమె ఉందా లేదా’ అనే చోట మొదలుపెడితే మాత్రం ఎప్పటికీ తేలదు. మీరు లేదంటారు, అమ్మగారు ఉందంటారు, ఇద్దరి దగ్గరా రుజువు ఉండదు. దానికి బదులు రెండే చూడండి: ఆ చానల్ గతం చెక్కుచెదరకుండా ఉందా, చదివేవాళ్ళను అది ఎటు తోలుతోంది. ఈ రెండూ ఫోన్‌లోనే అరగంటలో తేలతాయి.

టెలిగ్రామ్ చానల్‌లో నడిపేవాళ్ళ పేరు గానీ నంబరు గానీ చదివేవాళ్ళకు కనిపించదు. చానల్ పేరు, బొమ్మ, లింకు పేరు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చానల్‌నే ఇంకొకరి చేతికి ఇచ్చేయొచ్చు. ఏది మార్చినా సభ్యులు మాత్రం అలాగే ఉండిపోతారు. కాబట్టి సినిమా లింకుల కోసమో, డీఎస్సీ నోట్సు కోసమో పెట్టిన చానల్‌ను కొనుక్కుని, పాతవన్నీ తుడిచేసి, ‘ఒక తల్లి డైరీ’ అని బోర్డు మార్చడం పెద్ద పని కాదు. 2022 నాటి చానల్ అంటే 2022 నుంచి ఆ మనిషే రాస్తోందని అర్థం కాదు.

చేరకుండానే చదవండి. మీరు సభ్యులైతే మీ ఖాతా అడ్మిన్ కంట పడుతుంది. ‘అసిస్టెంట్‌ని మాట్లాడుతున్నా’ అంటూ వచ్చే మెసేజ్‌లకు దారి అదే. బహిరంగ చానల్ అయితే ఫోన్ బ్రౌజర్‌లో చూడొచ్చు. చానల్ లింకులో ‘టీ డాట్ ఎంఈ’ తర్వాత ఏటవాలు గీత ఉంటుంది కదా, ఆ గీతకూ చానల్ పేరుకూ మధ్య ఇంగ్లిష్ చిన్న ‘ఎస్’ అక్షరం, ఇంకో ఏటవాలు గీత చేర్చండి. పోస్టులన్నీ వెబ్ పేజీలా తెరుచుకుంటాయి. లింకులో ప్లస్ గుర్తు ఉంటే అది ప్రైవేటు చానల్, ఈ దారి పనిచేయదు. అప్పుడు అమ్మగారి ఫోన్‌లోనే చూడాలి.

తర్వాత మొదటి పోస్టుకు వెళ్ళండి. యాప్‌లో పోస్టుల మధ్య తేలుతూ కనిపించే తేదీని నొక్కితే క్యాలెండర్ వస్తుంది, దాంట్లో అన్నిటికంటే పాత రోజును పట్టుకోండి. చానల్ పుట్టిన తేదీ, పేరు మార్చిన తేదీ, బొమ్మ మార్చిన తేదీ చిన్న అక్షరాల్లో నడిమధ్య ఉంటాయి. పేరు, బొమ్మ మార్చిన తేదీలను అడ్మిన్ తుడిచేయగలడు, కానీ చాలామంది మర్చిపోతారు. పుట్టిన తేదీకీ మొదటి ‘డైరీ’ పోస్టుకూ మధ్య ఏడాదో రెండేళ్ళో ఖాళీ కనబడితే ఆ ఖాళీలో ఏముండేదని అడగాలి.

అన్నిటికంటే గట్టి పరీక్ష పోస్టు నంబర్లు. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మాటలు, ఫొటోలు కల్పించినంత సులువుగా దీన్ని కల్పించలేరు.

ఏ పోస్టు లింకు కాపీ చేసినా చివర ఒక అంకె ఉంటుంది. చానల్‌లో పెట్టే ప్రతిదానికీ టెలిగ్రామ్ వరుసగా ఇచ్చే నంబరు అది. పోస్టు తీసేస్తే దాని నంబరు ఇంకో పోస్టుకు రాదు, అక్కడ చిల్లు మిగిలిపోతుంది. ఆరు నెలలుగా రోజుకు నాలుగు పోస్టులు పెట్టే మనిషి దగ్గర సుమారు 720 నంబర్లు ఖర్చవ్వాలి. అదే ఆరు నెలల్లో నంబర్లు 2,300 ముందుకు జరిగి ఉంటే, 1,600 దాకా ఏవో పెట్టి తీసేసినట్టు.

అంతా లెక్కపెట్టక్కర్లేదు. ఒక వంద నంబర్ల ముక్క తీసుకోండి, ఉదాహరణకు 1,500 నుంచి 1,600 వరకు. అందులో ఎన్ని పోస్టులు బతికి ఉన్నాయో చూడండి. ఇక్కడ ఒక జాగ్రత్త: నాలుగైదు ఫొటోలు కలిపి ఒకే ఆల్బమ్‌గా పెడితే కంటికి ఒక పోస్టే గానీ ఒక్కో ఫొటోకూ ఒక్కో నంబరు పోతుంది. ఆల్బమ్‌లో పది దాకా పట్టొచ్చు. పేరు మార్చడానికీ, పోస్టును పైన పిన్ చేయడానికీ కూడా నంబరు పోతుంది. కాబట్టి పది లోపు నంబర్ల చిల్లులను పట్టించుకోవద్దు. ముప్పై, నలభై నంబర్లు వరసగా మాయమైతే, అదీ షేర్ మార్కెట్ పడిన రోజుల్లో మాయమైతే, కావాలనే తుడిచేశారని గట్టిగా అనుమానించాలి.

షేర్ల ‘జోస్యం’ నడిచేది ఈ చిల్లుల మీదే. పొద్దున పది షేర్ల పేర్లు పెడతారు. సాయంత్రానికి తప్పిన ఆరూ తీసేస్తారు. మరుసటి నెల చదివేవాళ్ళకు మిగిలిన నాలుగూ కనిపిస్తాయి, నాలుగూ గెలుపే. దీనికి తోడు ఎడిట్. చానల్‌లో అడ్మిన్ ఎంత పాత పోస్టునైనా దిద్దొచ్చు, తేదీ మాత్రం మారదు. మార్చిలో పెట్టిన ‘పిల్లకు జ్వరం తగ్గింది’ అనే పోస్టును జూన్‌లో ‘ఈ షేరు పెరుగుతుందని సార్ అన్నారు’ అని దిద్దితే, మార్చిలోనే చెప్పినట్టు కనబడుతుంది. టైము పక్కన ‘ఎడిటెడ్’ అనే చిన్న మాట చూడండి. అక్షర దోషం సరిదిద్దినా ఆ మాట వస్తుంది కాబట్టి ఒకటీ అరా ఉంటే తప్పు లేదు. ‘నేను ముందే చెప్పా కదా’ అని చూపించే పోస్టుల మీదే అది ఉంటే ఆ జోస్యాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

ఇక చూపుల సంఖ్య, అంటే కన్ను బొమ్మ పక్కన ఉండే అంకె. నిజమైన చానల్‌లో ఇది ఎగుడుదిగుడుగా ఉంటుంది. పొద్దున పెట్టినది రాత్రికి పెరుగుతుంది, పాత పోస్టుకు ఎక్కువ ఉంటుంది, నలుగురూ ఫార్వర్డ్ చేసిన వంటకం పోస్టుకు మిగతా వాటికి మూడింతలు రావచ్చు. 41 వేల మంది ఉన్న చోట పోస్టుకు 500 చూపులే ఉంటే సభ్యులను కొని ఉండొచ్చు. ప్రతి పోస్టుకూ 8.1, 8.2, 8.1 వేలు అని గీత గీసినట్టుంటే చూపులను కూడా కొని ఉండొచ్చు. సభ్యులు ఏ రోజు ఎంత పెరిగారో టీజీస్టాట్ లాంటి సైట్లలో గీతగా కనిపిస్తుంది. ఒక్క రాత్రిలో పదివేలు ఎక్కిన గీత మనుషుల మాటల వల్ల వచ్చేది కాదు.

ఇప్పుడు రాతకు వద్దాం. మన వైపు నుంచి చదివేవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది.

ఇలాంటి డైరీలు చాలావరకు ఒకే మూసలో పుడతాయి. ఒక కథను వేరే భాషలో రాసుకుని, దాన్ని తెలుగులోకీ తమిళంలోకీ కన్నడలోకీ దించుతారు. దించినప్పుడు చుట్టరికాలు దెబ్బతింటాయి. ఇంగ్లిష్‌లో అన్నకూ తమ్ముడికీ ఒకటే మాట, మామకూ చిన్నాన్నకూ ఒకటే మాట. కాబట్టి జనవరిలో తమ్ముడైన మనిషి ఏప్రిల్‌లో అన్న అవుతాడు. పిన్ని అనాల్సిన చోట అత్త వస్తుంది. తెలుగింట్లో పుట్టినవాళ్ళు ఏ తప్పు రాసినా ఈ తప్పు రాయరు. ‘కొండ మీద పనిచేసే తమ్ముడు’ ఉన్నాడన్నారు కదా, ఆ తమ్ముడి ప్రస్తావన ఉన్న పోస్టులన్నీ చానల్‌లో వెతికి వరసగా చదవండి.

‘నా ప్రియమైన చందాదారులారా’, ‘మీతో పంచుకోవడానికి ఉత్సాహంగా ఉన్నాను’, ‘ఒక అద్భుతమైన రోజును కలిగి ఉండండి’ లాంటి వాక్యాలు కూడా అలా దిగినవే. వచ్చినాడు, చెప్పినాడు, ఏందబ్బా అనే మన మాట లేనంత మాత్రాన అబద్ధమని మాత్రం అనొద్దు. రాసేటప్పుడు పుస్తక భాషలోకి వెళ్ళేవాళ్ళు ఇక్కడ ఎంతోమంది.

ఊరి పరీక్ష ఇంకా నమ్మకమైనది. బైరాగిపట్టెడలో ఉండే మనిషి 2022 నుంచి డైరీ రాస్తుంటే 2025 జనవరి 8 రాత్రి గురించి ఏదో ఒక మాట ఉండాలి. వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణాలు పోయింది ప్రధానంగా ఆ బైరాగిపట్టెడ కేంద్రం దగ్గరే. ఆ రాత్రీ మరుసటి రోజూ ఆ వీధుల్లో ఉన్న ఏ తల్లీ ‘ఈ రోజు మార్కెట్ బాగుంది’ అని రాసి ఊరుకోదు. ఆ రాత్రి గురించి పోస్టు ఉంటే ‘ఎడిటెడ్’ మాట ఉందేమో చూడండి, ఆ పోస్టు నంబరు అటూ ఇటూ ఉన్న పోస్టులతో వరసలో ఉందేమో చూడండి. అలాగే మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం వీధుల్లో తిరిగే ఆ వారంలో పిల్లలున్న ఇంట్లో ఒక్క వేషం ఫొటో కూడా లేకపోవడం కొంచెం ఆలోచించాల్సిన సంగతి. ఇంట్లో చావో, ఊరెళ్ళడమో కారణం కావచ్చు, కాబట్టి ఒక్క ఏడాదే కాదు, అన్నేళ్ళూ చూడండి.

ఊరి సమాచారాన్ని కూడా ఎత్తి రాయొచ్చు అని మీకు అనిపిస్తుంది. నిజమే. పేపర్లో వచ్చిన సంగతి ఎవరైనా ఎత్తి రాస్తారు. పేపర్లో రానిది ఎత్తి రాయలేరు: ఏ రోజు నీళ్ళు రాలేదు, లీలామహల్ సర్కిల్ దగ్గర ఎంతసేపు ఆగాల్సి వచ్చింది, సందు చివర ఏ అంగడి మూసేశారు. నిజమైన డైరీలో ఇలాంటి పనికిరాని సంగతులు బోలెడుంటాయి. కల్పించిన డైరీలో ప్రతి కష్టానికీ ఒక పని ఉంటుంది. పిల్లకు జ్వరం రావడం ఆసుపత్రి బిల్లు కోసం, బిల్లు అప్పు కోసం, అప్పు ‘సార్’ పరిచయం కోసం.

ఫొటోల దగ్గర ఒక భ్రమ తీసేస్తాను. ఫొటోలో దాగిన తేదీ, చోటు తీసి చూస్తాం అని కొందరు చెబుతారు. టెలిగ్రామ్‌లో మామూలుగా పంపిన ఫొటోలో ఆ వివరాలు మిగలవు, ఆ పని మీద సమయం పోగొట్టుకోకండి. గూగుల్ లెన్స్‌లో వెతకండి. మొత్తం ఫొటోతో ఒకసారి, ముఖం తీసేసి వెనక గోడో సోఫానో కత్తిరించి ఇంకోసారి. ఒక్కోసారి ముఖం మారుస్తారు, గది మార్చరు. కొత్త కారు ఫొటో పెట్టి ఉంటే నంబరు ప్లేటు చూడండి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. పాత చిత్తూరు జిల్లా ఏపీ 03 నంబరుతో ‘నిన్ననే షోరూమ్ నుంచి తెచ్చాం’ అంటే పొసగదు. పాత బండి కొన్నామంటే పొసగుతుంది.

వీటిని రుజువుగా తీసుకోవద్దు: లాభాల స్క్రీన్‌షాట్లు, ఆధార్ ఫొటో, పేరు పక్కన టిక్కులాంటి గుర్తు (డబ్బు కట్టినవాళ్ళు పేరు పక్కన రకరకాల బొమ్మలు పెట్టుకోవచ్చు, టిక్కులా కనిపించేవి కూడా), వాయిస్ మెసేజ్, గుండ్రటి వీడియో కూడా. గొంతు, ముఖం రెండూ ఇప్పుడు తయారు చేయగలుగుతున్నారు.

కామెంట్లు తెరిచి ఉంటే డబ్బుతో సంబంధం లేని ఒక మామూలు ప్రశ్న అడగండి. ‘అక్కా, మీ పిల్లల స్కూలుకు ఏ బస్సు?’ లాంటిది వద్దు, పిల్లల వివరం ఎవరూ చెప్పకూడదు కూడా. ‘అక్కా, ఊరిబిండి పచ్చడిలోకి చింతపండు ఎంత వేస్తారు?’ అనండి. మనిషైతే ఏదో ఒకటి చెబుతుంది, కనీసం చూసి వదిలేస్తుంది. ఆ ప్రశ్న తీసేసి, మిమ్మల్ని బయటికి పంపి, ‘అసిస్టెంట్’ చేత ప్రైవేటుగా మెసేజ్ పెట్టిస్తే మీకు జవాబు వచ్చినట్టే.

ఇంతవరకూ చెప్పినదానికి ఒక మినహాయింపు ఉంది, అది నాకు ముఖ్యం. పేరు దాచుకోవడం మోసం కాదు. ఒంటరి ఆడవాళ్ళు తమ బతుకు రాసేటప్పుడు పేరు, వీధి, పిల్లల ముఖాలు మార్చుకోవడం న్యాయం. వాళ్ళూ పోస్టులు తీసేస్తారు, దిద్దుతారు, చీరల ప్రకటనలు కూడా వేస్తారు. అలాంటి చానల్ మీద ఈ పరీక్షలు పెట్టి వీధికీడ్చొద్దు. నేను చెప్పేది కథ చివర డబ్బు అడిగే చానల్ గురించి మాత్రమే.

ఇప్పుడు ఆ డబ్బు సంగతి. షేర్ల సలహాకు రుసుము తీసుకోవాలంటే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ దగ్గర నమోదు ఉండాలి. రీసెర్చ్ అనలిస్టు నంబరు ఐ, ఎన్, హెచ్ అక్షరాలతో, ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజరు నంబరు ఐ, ఎన్, ఏ అక్షరాలతో మొదలై తర్వాత తొమ్మిది అంకెలుంటాయి. ‘సార్’ నంబరు అడగండి. ఇస్తే అంతటితో ఆగకండి, ఇంకొకరి నంబరు ఎత్తి రాస్తారు. సెబీ సైట్‌లో ఆ నంబరు కింద ఉన్న పేరు, ఫోను, ఈమెయిల్ తీసి, ఆ ఫోనుకు మీరే చేసి ‘ఈ చానల్ మీదేనా’ అని అడగండి. 9,000 కట్టమన్న యూపీఐ ఐడీని యాప్‌లో టైపు చేసి డబ్బు పంపకుండా ఆగితే బ్యాంకులో ఉన్న పేరు కనిపిస్తుంది. డైరీ రాసే ఆమె పేరూ కాదు, ‘సార్’ పేరూ కాదు, ఎక్కడో వేరే రాష్ట్రపు చిల్లర అంగడి పేరు వస్తే అది మోసానికి అద్దెకు తీసుకున్న వేరొకరి ఖాతా కావచ్చు. రిజిస్టరైన సలహాదారు ఎవరూ లాభానికి గ్యారంటీ ఇవ్వకూడదని కూడా గుర్తుంచుకోండి. టెలిగ్రామ్ చానల్‌లో షేర్లు కొనమని చెబుతూ, ముందే కొని పెట్టుకున్నవి ఆ జనానికే అమ్ముకున్నారన్న ఆరోపణ మీద సెబీ 2022 జనవరిలోనే కొందరిని మార్కెట్ నుంచి ఆపింది. అంటే సలహా నిజంగా ఇచ్చినా అది ఎవరి లాభానికో చూడాలి.

దర్శనం టికెట్ల విషయం తిరుపతి వైపు వాళ్ళం మనం గట్టిగా చెప్పాలి. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు టీటీడీ సొంత సైట్‌లో, యాప్‌లో ముందుగానే విడుదలవుతాయి, ఆధార్ పేరు మీద ఉంటాయి, వేరేవాళ్ళకు బదిలీ కావు. సర్వదర్శనం టోకెన్లకు డబ్బే లేదు, విష్ణునివాసం, శ్రీనివాసం, భూదేవి కాంప్లెక్స్‌లో ఉచితంగా ఇస్తారు. శ్రీవాణి ట్రస్టుకు 10,000 విరాళమిస్తే 500 రూపాయల బ్రేక్ దర్శనం టికెట్ ఇచ్చే పద్ధతి కూడా టీటీడీ ద్వారానే. వీటిలో ఏ దారిలోనూ ‘తమ్ముడు’ అవసరం లేదు. ఇలాంటి ‘తమ్ముళ్ళు’ పాత టికెట్ పీడీఎఫ్‌లో పేరు మార్చి పంపుతారు, అలిపిరి దాటి క్యూ దగ్గర స్కాన్ చేసినప్పుడు గానీ నకిలీ అని తెలియదు.

అమ్మగారితో ఎలా మాట్లాడాలో కూడా అడిగారు. ‘మోసం’ అనే మాటతో మొదలుపెట్టకండి. ఆరు నెలలు ఆ మనిషి కష్టం చదివి ఆమె కోసం దేవుడికి దండం పెట్టుకుని ఉంటారు, ఆ మాట అమ్మగారికే తగులుతుంది. పక్కన కూర్చుని, వంద నంబర్ల లెక్క అమ్మగారి చేతే పెట్టించండి. ‘ఈ చిల్లుల్లో ఏముండేదో అడుగుదామా అమ్మా’ అంటే చాలు.

ఇప్పటికే కొంత కట్టి ఉంటే ఇలా చేయండి. చానల్ నుంచి బయటికి రాకండి, తిట్టకండి. టెలిగ్రామ్‌లో అవతలివాళ్ళు మీ సంభాషణను రెండు వైపులా తుడిచేయగలరు. ముందు స్క్రీన్‌షాట్లు తీయండి, యాప్ అడ్డుకుంటే ఇంకో ఫోన్‌తో ఫొటో తీయండి. పోస్టు లింకులు నంబర్లతో సహా రాసుకోండి, యూపీఐ ఐడీ, 12 అంకెల లావాదేవీ నంబరు, సమయం పక్కన పెట్టుకోండి. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జారకముందే ఆపడానికి గంటలు కాదు, నిమిషాలు లెక్క. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు వేసి, బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి. చానల్‌ను టెలిగ్రామ్‌కు రిపోర్టు చేయడం అన్నిటికంటే చివర. వారం తర్వాత ‘మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, 2,000 ఫీజు’ అని ఎవరైనా వస్తే వాళ్ళూ ఆ జట్టులోవాళ్ళే అనుకోండి.

చానల్ లింకు ఇక్కడ పెట్టకండి, చదివేవాళ్ళు కుతూహలంతో చేరతారు. మొదటి పోస్టు తేదీ, చివరి పోస్టు నంబరు, మీరు ఎంచుకున్న వంద నంబర్లలో ఎన్ని మిగిలాయో, వాటిలో ఎన్ని ఆల్బమ్‌లో రాయండి. చూసి చెబుతాను.